జ్యా, జైబ్, సైన్ – త్రికోణమితికి తొలి పాఠము

త్రికోణమితి అను మాట వినగానే మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులలో చాలమంది ముఖములు చిన్నబోవును. పదవ తరగతి వరకు ఉర్దూలోనో తెలుగులోనో లెక్కలు నేర్చుకొని, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు పుస్తకము చేతబట్టిన వారికి ఈ భయము మరింత ఎక్కువ. సైన్, కాస్, టాన్ అను మూడు పొడి మాటలను అర్థము తెలియని మంత్రములవలె వల్లించుట, పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోవుట వారికి అలవాటైపోయినది. కాని భౌతికశాస్త్రము, భూమి సర్వే, పాలిటెక్నిక్, ఇంజనీరింగు – ఏ వాకిట నిలిచినను ఈ శాస్త్రము తెలియక లోపలికి అడుగు పెట్టలేము. ఈ ఒక్క అధ్యాయమునకు జడిసి గణితమునే వదలుకొను పిల్లలు ఉండుట మనందరము ఆలోచింపవలసిన విషయము.

ఇది గణితాధ్యాపకులు వ్రాయవలసిన వ్యాసము కదా, తెలుగు అధ్యాపకులమైన మేము కలము పట్టుట ఎందులకని పాఠకులు అడుగవచ్చును. మా సమాధానము ఒక్కటే. విద్యార్థులు ఇక్కడ తడబడునది లెక్క వద్ద కాదు, మాట వద్ద. మాటకు అర్థము తెలిసిననాడు లెక్క తనంతట తానే దారికి వచ్చును. మాటల పని మా పని. గణితమును తెలుగులో చెప్పుట నిన్న మొన్నటి సంగతియు కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన పూర్వమే తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో తొలి దశాబ్దములలో ఉన్నత గణితము ఉర్దూలో బోధింపబడినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యగ్రంథములను తెలుగులో వెలువరించినది. మన రెండు భాషలకును ఈ శాస్త్రము పరాయిది కాదు.

పేరులోని అర్థము

'మితి' అనగా కొలత. మూడు కోణములు గల ఆకృతిని కొలుచు విద్య త్రికోణమితి. ఉర్దూలో దీనిని ఇల్మె ముసల్లస్ అందురు. ముసల్లస్ అనగా త్రిభుజము; మూడు అను అర్థము గల అరబ్బీ ధాతువు నుండి పుట్టిన మాట. ఇంగ్లీషులోని ట్రిగనామెట్రీ సైతము త్రిభుజము, కొలత అను రెండు గ్రీకు మాటల కలయికయే. బార్తొలొమేయస్ పిటిస్కస్ అను జర్మను పండితుడు 1595లో తన గ్రంథమునకు ఆ పేరు పెట్టినాడు. మూడు భాషలును చెప్పునది ఒక్కటే: త్రిభుజమును కొలువుము.

మూలసూత్రము

ఒక కాగితముపై 3, 4, 5 సెంటీమీటర్ల భుజములు గల త్రిభుజమును గీయుడు. 3, 4 భుజముల నడుమ లంబకోణము ఏర్పడును. దాని ప్రక్కనే 6, 8, 10 సెంటీమీటర్ల భుజములతో మరియొకటి గీయుడు. రెండవది మొదటిదానికి రెట్టింపు. కాని కోణములు మాత్రము మారలేదు. చిన్న త్రిభుజములో 3ను 5తో భాగించిన 0.6 వచ్చును. పెద్ద త్రిభుజములో 6ను 10తో భాగించినను అదే 0.6. గోడంత త్రిభుజము గీసినను, కొండంత త్రిభుజము ఊహించినను, కోణము మారనంతవరకు ఆ నిష్పత్తి మారదు.

త్రికోణమితి అంతయు ఈ ఒక్క సత్యముపై నిలిచియున్నది. లంబకోణ త్రిభుజములో భుజముల నిష్పత్తి త్రిభుజము యొక్క పరిమాణముపై గాక కోణముపై మాత్రమే ఆధారపడును. కాబట్టి కాగితముమీది చిన్న త్రిభుజము ద్వారా కొండమీది పెద్ద త్రిభుజమును తెలిసికొనవచ్చును. చేతికి అందని దానిని చేతిలోని దానితో కొలుచుటయే ఈ విద్య యొక్క ప్రయోజనము.

ఇక పేర్లు. లంబకోణమునకు ఎదురుగా ఉన్న పొడవైన భుజము కర్ణము. మనము తీసికొన్న కోణమునకు ఎదురుగా ఉన్నది ఎదుటి భుజము. కోణమును ఆనుకొని, కర్ణము కానిది ఆసన్న భుజము. కోణమును థీటా అని పిలుచుకొందము.

సైన్ థీటా = ఎదుటి భుజము ÷ కర్ణము
కాస్ థీటా = ఆసన్న భుజము ÷ కర్ణము
టాన్ థీటా = ఎదుటి భుజము ÷ ఆసన్న భుజము

ఈ మూడింటిని తలక్రిందులు చేసిన వరుసగా కొసీకెంట్, సీకెంట్, కొటాంజెంట్ అగును. ఆరు పేర్లున్నను నేర్వవలసినవి మూడే. ఆ మూడింటిలోను సైన్‌ను కాస్‌తో భాగించిన టాన్ వచ్చును గనుక, నిజమునకు రెండే.

ఒక హెచ్చరిక అవసరము. ఎదుటి భుజము, ఆసన్న భుజము అనునవి స్థిరమైన పేర్లు కావు. ఒక కోణమునకు ఎదుటిదైన భుజము రెండవ కోణమునకు ఆసన్నమగును. ఏ కోణము వద్ద నిలిచి చూచుచున్నామో ముందు నిర్ణయించుకొని, ఆ తరువాతనే పేర్లు పెట్టవలెను.

ఒక మాట చేసిన ప్రయాణము

సైన్ అను మాట ఎక్కడ పుట్టినది? మన దేశమందే. ఒక వృత్తములో చాపమును గీచి దాని రెండు కొనలను సరళరేఖతో కలిపిన ఎక్కుపెట్టిన విల్లువలె కనబడును. వంగిన భాగమును చాపము అన్నారు. కొనలను కలుపు రేఖను జ్యా అన్నారు. జ్యా అనగా అల్లెత్రాడు, వింటినారి. దీనికే జీవా అను మరియొక పేరున్నది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములో ఆర్యభటుడు ఈ నారిలో సగమును తీసికొని దాని విలువలను లెక్కించినాడు. అది అర్ధజ్యా. వాడుకలో 'అర్ధ' జారిపోయి జ్యా మిగిలినది. వృత్తకేంద్రము నుండి చూచినచో ఈ సగము నారియే లంబకోణ త్రిభుజములోని ఎదుటి భుజము, వ్యాసార్ధమే కర్ణము.

ఆర్యభటుడు వ్యాసార్ధమును 3438గా గ్రహించినాడు. వృత్తములో 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కలలు. మొత్తము 21,600 కలలు. చుట్టుకొలత 21,600 అయినచో వ్యాసార్ధము సుమారు 3438 అగును. లంబకోణమును 24 భాగములు చేసి, 3 డిగ్రీల 45 కలల చొప్పున జ్యాలు పెరుగు వరుసను ఆయన ఒక్క శ్లోకములో ఇమిడ్చినాడు. ఆ లెక్కన ఎనిమిదవ విలువ, అనగా 30 డిగ్రీల జ్యా, 1719. దానిని 3438తో భాగించిన సరిగా సగము. పండ్రెండవ విలువ, అనగా 45 డిగ్రీల జ్యా, 2431. దానిని భాగించిన 0.7071. నేటి పట్టికలలోను నాలుగు దశాంశ స్థానముల వరకు ఇదే కనబడును.

ఎనిమిదవ శతాబ్దములో భారతీయ జ్యోతిర్గణితము బాగ్దాదు చేరి అరబ్బీలోనికి అనువదింపబడినది. జీవా అను మాటను అక్కడివారు జీబ అని వ్రాసికొన్నారు. అరబ్బీ లిపిలో హ్రస్వ అచ్చులను సాధారణముగా వ్రాయరు గనుక, అర్థము లేని ఆ మాటను తరువాతివారు తమకు తెలిసిన జైబ్ అను మాటగా చదివినారు. జైబ్ అనగా వస్త్రపు మడత, రొమ్ముభాగపు వంపు. పండ్రెండవ శతాబ్దములో లాటిన్ అనువాదకులు ఆ అర్థమునే గ్రహించి సైనస్ అన్నారు. అదియే ఇంగ్లీషులో సైన్ అయినది.

ఈ కథలో మనకు ముచ్చట గొలుపు సంగతి మరియొకటి కలదు. వస్త్రపు మడత అను అర్థము గల ఆ జైబ్ మాటయే పారశీకము, ఉర్దూల మీదుగా సంచి అను అర్థమున తెలుగునకు వచ్చి జేబు అయినది. మన చొక్కా జేబును, గణిత పుస్తకములోని సైన్‌ను పేరులో చుట్టములన్నమాట! సంస్కృతపు వింటినారి అరబ్బీ మడతయై, లాటిన్ వంపై, ఇంగ్లీషు సైనై మన ముంగిటికి తిరిగి వచ్చినది. ఉర్దూ, తెలుగు రెండును వినబడు మన కళాశాలలో ఈ మాట పరాయిదని ఎవరనగలరు?

కొసైన్ సంగతియు అట్టిదే. 90 డిగ్రీలకు ఎంత తక్కువో ఆ కోణమును పూరక కోణము అందురు. 30కి 60, 40కి 50 పూరకములు. పూరక కోణపు సైన్ కొసైన్. అరబ్బీలో దీనిని జైబుత్తమామ్, అనగా పూర్తిచేయు కోణపు జైబ్ అన్నారు. సంస్కృతములో కోటిజ్యా, తెలుగు పాఠ్యపుస్తకములలో కోజ్యా. ఇక్కడ కోటి అనగా నూరు లక్షలు కాదు, వింటి కొన. ఈ సంగతి తెలిసినవారికి కాస్ 60 = సైన్ 30 అను సూత్రమును బట్టీ పట్టవలసిన పనిలేదు; పేరులోనే సూత్రమున్నది.

టాంజెంట్‌ను అరబ్బులు జిల్ అన్నారు. జిల్ అనగా నీడ. గోడకు లంబముగా ఒక మేకు కొట్టినచో దాని నీడ గోడపై పడును. ఎండ గోడకు ఎదురుగా ఉన్నప్పుడు ఆ నీడ పొడవును మేకు పొడవుతో భాగించిన సూర్యుని ఎత్తుకోణపు టాంజెంట్ వచ్చును. నేలపై నిలువుగా పాతిన కర్ర నీడను కర్ర పొడవుతో భాగించిన కొటాంజెంట్ వచ్చును. సూర్యుడు పైకెక్కుకొలది గోడపై నీడ పెరుగును, నేలపై నీడ తరుగును. టాంజెంట్, కొటాంజెంట్‌లు ఒకటి పెరుగగా మరియొకటి ఏల తగ్గునో ఇంతకు మించిన వివరణ అక్కరలేదు. పదవ శతాబ్దికి చెందిన అబుల్ వఫా బూజ్జానీ ఈ నీడల పట్టికలను సిద్ధపరచినాడు. పదమూడవ శతాబ్దిలో నసీరుద్దీన్ తూసీ త్రికోణమితిని ఖగోళశాస్త్రము నుండి వేరుచేసి స్వతంత్ర శాస్త్రముగా వివరించినాడు.

కంఠస్థము చేయక రాబట్టు విలువలు

30, 45, 60 డిగ్రీల విలువలు ప్రతి పరీక్షలోను వచ్చును. వీటిని బట్టీ పట్టుటకంటె రెండు బొమ్మలు గుర్తుంచుకొనుట మేలు.

మొదటిది: ప్రతి భుజము 2గా గల సమబాహు త్రిభుజము. పై శీర్షము నుండి క్రిందికి లంబము దించుడు. అడుగు భుజము 1, 1గా చీలును. లంబము పొడవు పైథాగరస్ సిద్ధాంతము వలన √3. అడుగు కోణము 60, పైన సగమైన కోణము 30. కాబట్టి సైన్ 60 = √3/2, కాస్ 60 = 1/2, టాన్ 60 = √3. పై కోణమునుండి చూచిన సైన్ 30 = 1/2, కాస్ 30 = √3/2, టాన్ 30 = 1/√3.

రెండవది: భుజము 1గా గల చతురస్రము. దాని కర్ణము √2. కోణము 45. కాబట్టి సైన్ 45, కాస్ 45 రెండును 1/√2; టాన్ 45 = 1.

పరీక్ష గదిలో తొందరలో ఉన్నవారికి ఒక చిన్న ఉపాయము. 0, 30, 45, 60, 90 డిగ్రీల క్రింద వరుసగా 0, 1, 2, 3, 4 వ్రాసి, ప్రతిదానికి వర్గమూలము తీసి 2తో భాగించుడు. 0, 1/2, 1/√2, √3/2, 1 అను సైన్ విలువలు వచ్చును. వెనుకనుండి చదివిన కాస్ విలువలు. 90 డిగ్రీల వద్ద కాస్ సున్న; సున్నతో భాగింపరాదు గనుక టాన్ 90 నిర్వచింపబడదు.

ఇక ముఖ్యమైన సర్వసమీకరణము. 3, 4, 5 త్రిభుజములో సైన్ 3/5, కాస్ 4/5. రెండింటి వర్గములను కూడిన 9/25 + 16/25 = 1. ఏ కోణమునకైనను సైన్ వర్గము, కాస్ వర్గముల మొత్తము 1 అగును. ఇది పైథాగరస్ సిద్ధాంతమునకు వేరొక వేషము మాత్రమే. దీనిని కాస్ వర్గముతో భాగించిన, 1కి టాన్ వర్గము కలిపిన సీకెంట్ వర్గమగునని తేలును.

మినారు ఎత్తును కొలుచుట

ఒక కోణమానిని, ఒక దారము, ఒక చిన్న రాయి ఉన్నచో మన పరికరము సిద్ధము. కోణమాని చదునైన అంచును పైకి పట్టి, మధ్య బిందువు నుండి రాయి కట్టిన దారమును వ్రేలాడదీయవలెను. అంచు నేలకు సమాంతరముగా ఉన్నప్పుడు దారము 90 వద్ద నిలుచును. అంచు వెంబడి మినారు కొనను చూచినప్పుడు దారము 90 నుండి ఎన్ని డిగ్రీలు జరిగినదో అదియే ఊర్ధ్వకోణము.

జెండా కర్రకు 9 మీటర్ల దూరమున నిలిచిన విద్యార్థికి కొన 45 డిగ్రీల ఊర్ధ్వకోణములో కనబడినదనుకొందము. టాన్ 45 = 1 గనుక కంటికి పైన కర్ర ఎత్తు 9 మీటర్లు. కన్ను నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్నచో కర్ర మొత్తము ఎత్తు 10.5 మీటర్లు. కంటి ఎత్తును కలుపుట విద్యార్థులు తరచు మరతురు.

అడుగుభాగము వరకు వెళ్ళుటకు వీలులేని మినారును ఎట్లు కొలువవలెను? రెండు చోట్లనుండి చూడవలెను. మొదటి చోట కోణము 30. మినారువైపు నేరుగా 20 మీటర్లు నడచిన తరువాత కోణము 60 అయినదనుకొందము. రెండవ చోటినుండి మినారు అడుగుకు గల దూరమును 'ద' అనుకొనిన, ఎత్తు = ద × √3. మొదటి చోటినుండి చూచిన, ఎత్తు = (ద + 20) ÷ √3. రెండును ఒకటే గనుక 3 × ద = ద + 20. కాబట్టి ద = 10 మీటర్లు. ఎత్తు 10 × 1.732 = 17.32 మీటర్లు. కంటి ఎత్తు 1.5 కలిపిన 18.82 మీటర్లు. మినారును తాకకయే దాని ఎత్తును చెప్పగలిగినాము.

పదకొండవ శతాబ్ది తొలినాళ్ళలో అల్ బిరూనీ చేసినది ఇదియే. నేటి పాకిస్తాన్ పంజాబులోని నందన కోట వద్ద ఒక కొండ ఎత్తును ఆయన రెండు కోణముల ద్వారా తెలిసికొన్నాడు. పిమ్మట కొండ కొననెక్కి, దిగంతము కంటి మట్టమునకు ఎంత క్రిందుగా కనబడునో కొలిచినాడు. ఆ నిమ్నకోణము సుమారు 34 కలలు. ఒక డిగ్రీ కూడ కాదు. కొండ కొన, దిగంతము, భూకేంద్రము – ఈ మూడింటిని కలిపిన లంబకోణ త్రిభుజమగును. భూవ్యాసార్ధమును, వ్యాసార్ధమునకు కొండ ఎత్తు కలుపగా వచ్చిన మొత్తముతో భాగించిన, ఆ నిమ్నకోణపు కాస్ వచ్చును. ఇందు తెలియనిది వ్యాసార్ధమొక్కటే. ఒక కొండ, ఒక కోణము, ఒక పట్టిక – వీటితో ఆయన భూమి పరిమాణమును లెక్కకట్టినాడు.

మన దేశపు పటమును నిర్మించినదియు ఈ విద్యయే. 1802లో మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖను కొలిచి, దానిపై త్రిభుజము మీద త్రిభుజము పేర్చుకొనుచు దేశము పొడవునా సర్వే సాగించినాడు. ఒక్క భుజము కొలిచినచో చాలును, మిగిలినవన్నియు కోణములనుండి వచ్చును. 1818లో జార్జ్ ఎవరెస్ట్ ఆయనకు సహాయకుడుగా చేరినది హైదరాబాదులోనే. ఆ సర్వే వాడిన సున్నితమైన కోణయంత్రములను సరిదిద్దిన నిపుణులలో ఆర్కాటు నుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహసీన్ హుసేన్ ఒకరు. లెక్కలు కట్టినవారిలో బెంగాలుకు చెందిన రాధానాథ్ సిక్దర్ ఒకరు. వారందరి శ్రమ ఫలితముగా ఎవరెస్ట్ శిఖరపు ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటింపబడినది. నేపాలు, చైనా 2020లో సంయుక్తముగా ప్రకటించిన ఎత్తు 8848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. శిఖరముపై కాలు మోపకయే, ఎంతో దూరమునుండి కోణములు చూచి కట్టిన లెక్క ముప్పది అడుగుల తేడాతో నిలిచినది!

జాగ్రత్త పడవలసిన చోట్లు

సైన్ అనునది సంఖ్య కాదు; కోణముపై చేయు క్రియ. సైన్ థీటాలో సైన్‌ను విడదీసి కొట్టివేయరాదు. రెండు కోణముల మొత్తమునకు సైన్ తీయుట, విడివిడిగా సైన్‌లు తీసి కూడుట ఒకటి కాదు. సైన్ 30, సైన్ 60 కూడిన 1.366 వచ్చును; సైన్ 90 మాత్రము 1. కర్ణమే అన్నిటికంటె పొడవు గనుక సైన్ గాని కాస్ గాని 1ని మించవు. మించినచో ఎక్కడనో పొరపాటు జరిగినదని తెలిసికొని వెనుకకు పోయి చూడవలెను. బొమ్మ గీయక లెక్క మొదలు పెట్టరాదు. గణకయంత్రము వాడువారు అది డిగ్రీలలో ఉన్నదో రేడియన్లలో ఉన్నదో ముందుగా చూచుకొనవలెను.

మా విన్నపము

కళాశాల కమిటీ వారికి మాదొక చిన్న విన్నపము. గణిత తరగతి గది గోడపై ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలలోను ఈ పదముల పట్టిక నొకదానిని వ్రాయించిన బాగుండును. అయ్యెడి ఖర్చు రంగు డబ్బాకు మించదు. కాని ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాష, పరీక్షలో వేరొక భాష ఎదుర్కొను మన పిల్లలకు అది ఎంతో ఆధారమగును. మొదటి సంవత్సరము విద్యార్థులను ఏడాదికొక దినము కోణమాని, దారములతో ఆవరణలోనికి తీసికొనిపోయి, జెండా కర్రను, చెట్లను, భవనమును కొలిపించిన ఇంకను మేలు.

విద్యార్థులకు మేము చెప్పునది ఇంతే. ఏ మాటయైనను అర్థము కానప్పుడు సిగ్గుపడక అడుగుడు. మూడు భాషలలో ఏది మీకు దగ్గరగా తోచునో దానిలో అర్థము చెప్పించుకొనుడు. పిమ్మట పరీక్ష భాషలో వ్రాయుడు. త్రిభుజమునకు భాషాభేదము లేదు. దినమునకొక బొమ్మ గీసి, ఒక లెక్క చేసినవారికి నెల తిరుగకుండగనే ఈ భయము వదలును. ఈ సెలవులలో మీ ఇంటి ఎదుటి చెట్టును గాని, మసీదు మినారును గాని, గుడి గోపురమును గాని కొలిచి ఆ లెక్కను మీ గణితాధ్యాపకులకు చూపుడు. ఆపై అధ్యాయము మీకు కఠినముగా తోచదు.